బీకాంలో స్టాటిస్టిక్స్: సగటు చెప్పగానే నమ్మేయొద్దు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక మా కొండాపురంలో పక్కింటి ఖాలా కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. చేతిలో ఒక కాలేజీ పాంప్లెట్. "బేటా, నువ్వు బీకాం చదివావు కదా. ఇందులో స్టాటిస్టిక్స్ ఉంటుందంట. మా పిల్లకి లెక్కలంటే భయం. చేర్పించాలా, వద్దా?" అని అడిగారు.

పాంప్లెట్ మీద పెద్ద అక్షరాలతో ఒక లైను ఉంది: మా విద్యార్థుల సగటు జీతం 25 వేలు. ఖాలా దాన్ని చూసే సగం మనసు పెట్టేసుకున్నారు. ఆ లైను నిజమో కాదో అడగడం నేర్పే సబ్జెక్టే స్టాటిస్టిక్స్ అని నేను చెప్పాను. ఎలాగో ఇక్కడ కూడా రాస్తున్నాను.

మూడు రకాల సగటు

ఉదయగిరి చెక్క చెంచాలు మనందరికీ తెలిసినవే. జీఐ గుర్తింపు పొందిన ఈ పనిలో మన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక చోట ఏడుగురు ఉన్నారు. ఆరుగురు పనివాళ్ల రోజు సంపాదన 150, 160, 170, 180, 190, 200 రూపాయలు. ఏడో మనిషి సరుకు అమ్మే యజమాని, ఆయనకు 1,050. మొత్తం 2,100. ఏడుతో భాగిస్తే 300. దీన్ని అంకమధ్యమం, అంటే మీన్, అంటారు.

ఇప్పుడు చూడండి, ఆ ఆరుగురిలో ఒక్కరికైనా 300 వస్తోందా? రావడం లేదు. ఒక్క పెద్ద అంకె సగటును పైకి లాగేసింది. అందుకే ఇంకో కొలత ఉంది. అంకెలను చిన్న నుంచి పెద్దకు వరుసగా పెట్టి సరిగ్గా నడుమ ఉన్నదాన్ని తీసుకుంటే 180 వస్తుంది. ఇది మధ్యగతం, అంటే మీడియన్. ఆ చోట మామూలు పనివాడి పరిస్థితి చెప్పేది ఇదే. మూడోది బాహుళకం, అంటే మోడ్: అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది. దుకాణంలో ఏ సైజు చెంచా ఎక్కువ పోతోందో తెలియాలంటే పనికొచ్చేది మోడే.

సగటు ఒకటే, బతుకులు వేరు

రెండు దుకాణాలు. మొదటిదాని మూడు రోజుల అమ్మకం 900, 1,000, 1,100. రెండోదానిది 200, 1,000, 1,800. రెండింటి సగటూ వెయ్యే. కానీ రెండో దుకాణం అతను 200 వచ్చిన రోజు చీటీ డబ్బు ఎలా కడతాడు? ఈ ఎగుడుదిగుడును కొలిచేది ప్రామాణిక విచలనం. ప్రతి అంకె సగటుకి ఎంత దూరమో చూసి, ఆ తేడాలను వర్గం చేసి, వాటి సగటు తీసి, వర్గమూలం కట్టాలి. మొదటి దుకాణానికి సుమారు 82, రెండోదానికి సుమారు 653 వస్తుంది. ఈ ఒక్క సూత్రాన్ని నేను ఫస్టియర్‌లో బట్టీ పట్టి పాసయ్యాను. దాని అర్థం తెలిసింది మాత్రం తర్వాతే.

ఎవరి సగటు?

2006 నవంబర్‌లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ ఇచ్చిన రిపోర్టు గురించి అందరం వినే ఉంటాం. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తంలో అక్షరాస్యత సుమారు 65 శాతం, ముస్లింలలో 59.1 శాతం. అంటే మనం వెనకబడి ఉన్నాం. మరి అదే లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూస్తే? రాష్ట్రం మొత్తం సుమారు 60.5, ముస్లింలలో 68. ఇక్కడ మనమే ముందు!

రెండూ నిజమే. ఇక్కడ ముస్లింలలో పట్నాల్లో ఉండేవాళ్ల వాటా ఎక్కువ, పట్నాల్లో అక్షరాస్యతా ఎక్కువ. అందుకే ఈ అంకె చూసి మన పల్లెల్లోనూ అంతా బాగుందనుకుంటే పొరపాటు. పట్నం విడిగా, పల్లె విడిగా, ఆడపిల్లలు విడిగా చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. పైగా రాయడం, చదవడం వస్తే చాలు అక్షరాస్యులే. డిగ్రీ దాకా ఎంతమంది వెళ్లారో ఆ అంకె చెప్పదు.

భయం అక్కర్లేదు

ఈ సబ్జెక్టుకి కావాల్సింది కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, కాస్త ఓపిక. కాలిక్యులేటర్ మీద చెయ్యి తిరగాలి. ఈ శాస్త్రంలో ప్రపంచం గుర్తించిన సి.ఆర్. రావు గారు మన తెలుగువారే. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో చదువుకుని, ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే చేశారు. 1945లో, ఇరవై అయిదేళ్ల వయసులో రాసిన పేపర్‌తో మొదలైన ఆయన కృషికి 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ ప్రైజ్ వచ్చింది.

చివరికి ఖాలా కూతురు పాంప్లెట్ తీసుకుని నాకే ప్రశ్నలు వేసింది. "భయ్యా, ఈ 25 వేలు మీనా, మీడియనా? ఉద్యోగం వచ్చినవాళ్లనే లెక్కేశారా, రానివాళ్లని కూడానా? మొత్తం ఎంతమంది?"

కాలేజీకి వెళ్లి అవే అడగమన్నాను. గల్ఫ్ ఏజెంట్ "అక్కడ సగటున ఇంత వస్తుంది" అన్నా, చీటీ కట్టించుకునేవాళ్లు "సగటున ఇంత లాభం" అన్నా అడగాల్సినవి ఈ మూడే. ఖాలా లేస్తూ అన్నారు: "లెక్కలంటే భయమన్నావు. ఇప్పుడు నువ్వే అందరినీ లెక్కలు అడుగుతున్నావు. సరే, చేరు."