ఎండల దేశంలో ఎముకలు ఎందుకు వంగుతున్నాయి?

“ఇన్ని ఎండలు కాసే చోట మా బాబుకు ఎండ చాలకపోవడమేమిటండీ?” అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. ఎండ కాయడం వేరు, అది బిడ్డ ఒంటికి తగలడం వేరు.

తిన్న ఆహారంలోని కాల్షియం ఒంటపట్టాలంటే విటమిన్ డి కావాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మానికి తగిలితే దీన్ని మన శరీరమే తయారు చేసుకుంటుంది. అది చాలకపోతే ఎదిగే ఎముకలు గట్టిపడవు. దీనినే రికెట్స్ అంటారు.

పొగ చేసే కీడు

19వ శతాబ్దంలో బొగ్గు పొగ కమ్మిన బ్రిటన్ నగరాల్లో ఈ జబ్బు ఎక్కువగా ఉండేది. జపాన్‌లో పనిచేసి వచ్చిన మిషనరీ వైద్యుడు థియోబాల్డ్ పామ్, పలు దేశాల మిషనరీల నుంచి వివరాలు సేకరించి, ఎండ తగలకపోవడమే దీనికి ముఖ్య కారణమని 1890లో రాశారు.

2002లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఢిల్లీలో కాలుష్యం ఎక్కువగా ఉన్న మోరీ గేట్ పసిపిల్లల రక్తంలో విటమిన్ డి సగటున 12.4 నానోగ్రాములు (మిల్లీలీటరుకు) ఉంది. అప్పట్లో కాలుష్యం తక్కువగా ఉన్న గుర్గావ్ పిల్లల్లో అది 27.1.

పొగ ఒక్కటే కాదు. ఇరుకు ఇళ్ళు, నీడపట్టునే పెంచడం కూడా కారణాలే. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ వెచ్చగా ఉన్నా, ఈ కిరణాలను అద్దం ఆపేస్తుంది. తల్లికి లోపముంటే పుట్టే బిడ్డకూ ఉంటుంది.

గుర్తించవలసిన లక్షణాలు

మాడు ఆలస్యంగా పూడటం, పళ్ళు, నడక ఆలస్యం కావడం, మణికట్టు వెడల్పు కావడం, దొడ్డికాళ్ళు. నల్గొండ వంటి ఫ్లోరైడ్ నీటి ప్రాంతాల్లో ఆ నీటివల్ల కూడా ఎముకలు వంగుతాయి. కాబట్టి కారణాన్ని డాక్టరే తేల్చాలి.

మనం చేయవలసినవి

1. తల్లిపాలు మానవద్దు. అయితే వాటిలో విటమిన్ డి తక్కువ. అందుకే మొదటి ఏడాది రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయిస్తారు. మోతాదు డాక్టరును అడగండి.

2. నడిచే పిల్లలను కాళ్ళూ చేతులూ కప్పకుండా కాసేపు ఆరుబయట ఆడనివ్వండి. తెల్లవారుజాము లేత ఎండలో ఈ కిరణాలు తక్కువ, పొద్దెక్కాక ఎక్కువ. మండు వేసవిలో మాత్రం వడదెబ్బ జాగ్రత్త.

3. ఆరు నెలలు నిండాక రాగిజావ, తర్వాత పాలు, పెరుగు, గుడ్డు అలవాటు చేయండి.

4. సొంతంగా “బలం ఇంజెక్షన్లు” వేయించవద్దు. విటమిన్ డి మితిమీరితే మూత్రపిండాలకు హాని.

సకాలంలో వైద్యం అందితే, రికెట్స్ వల్ల వంగిన పసివాళ్ళ కాళ్ళు చాలావరకు ఎదుగుదలతోపాటే చక్కబడతాయి. అనుమానం రాగానే బిడ్డను తీసుకురండి.