ప్రాచీన గ్రీసు, రోములలో పౌరసత్వం

ప్రాచీన గ్రీసు, రోములలో పౌరసత్వం అనగా ఒక నగర రాజ్యపు పాలన, న్యాయ, సైనిక వ్యవహారాలలో పాలుపంచుకొనే హక్కు, బాధ్యత. నగరంలో నివసించినంత మాత్రాన ఈ హోదా లభించేది కాదు. గ్రీకు నగరాలు పౌరసత్వాన్ని సాధారణంగా వంశపారంపర్య హక్కుగా కాపాడుకొనగా, రోము దానిని క్రమంగా ఇతరులకు విస్తరించింది. అయితే రోములో పౌరుల సంఖ్య పెరిగిన కొద్దీ పాలనలో సామాన్య పౌరుని పాత్ర తగ్గిపోయింది.

నగర రాజ్యం

గ్రీకులు నగర రాజ్యాన్ని "పోలిస్" అని పిలిచేవారు. ఒక నగరం, దాని చుట్టుప్రక్కల పల్లెలు, పొలాలు కలిసి ఒక పోలిస్‌గా ఏర్పడేవి. ఎథెన్స్, స్పార్టా, కోరింత్, థీబ్స్ వీటిలో ప్రసిద్ధమైనవి. న్యాయ విచారణలోను, అధికార నిర్వహణలోను పాల్గొనే వ్యక్తియే పౌరుడని తత్వవేత్త అరిస్టాటిల్ నిర్వచించాడు. స్టాగిరాలో జన్మించిన అరిస్టాటిల్ ఎథెన్సులో అనేక సంవత్సరాలు బోధించినప్పటికీ, ఆ నగరంలో విదేశీయుడుగానే ఉండిపోయాడు.

ఎథెన్స్

క్రీ.పూ. 508-507లో క్లీస్థనీస్ ఎథెన్స్ పౌరులను 10 తెగలుగా పునర్విభజించాడు. పౌరుని కుమారునికి 18 సంవత్సరాలు నిండిన పిదప, అతని "డీమ్" (స్థానిక విభాగం) సభ్యులు వోటు వేసి అతని పేరు నమోదు చేసేవారు. పౌరులందరూ పౌరసభలో మాట్లాడవచ్చును, వోటు వేయవచ్చును. 30 సంవత్సరాలు దాటినవారు 500 మంది సభ్యుల మండలికి, న్యాయస్థానాలకు చీట్ల ద్వారా ఎంపికయ్యేవారు.

క్రీ.పూ. 451లో పెరిక్లీస్ ప్రతిపాదించిన చట్టం ప్రకారం, తల్లి, తండ్రి ఇరువురూ ఎథెన్స్ పౌర కుటుంబాలకు చెందినవారైతేనే సంతానానికి పౌరసత్వం లభించేది. అనంతరం పెరిక్లీస్ ఇద్దరు కుమారులు మహమ్మారి కాలంలో మరణించారు. మిలీటస్‌కు చెందిన అస్పాసియా వలన అతనికి కలిగిన కుమారునికి ప్రత్యేక మినహాయింపుతో పౌరసత్వం ఇవ్వవలసివచ్చింది.

స్త్రీలకు పౌరసభలో స్థానం లేదు. "మెటిక్" అనబడే స్థిరనివాస విదేశీయులు ప్రత్యేక పన్ను (పురుషునికి ఏడాదికి 12 డ్రాక్మాలు) చెల్లించి, సైన్యంలోనూ పనిచేసేవారు. కాని ప్రత్యేక అనుమతి లేనిదే భూమిని గాని, ఇంటిని గాని సొంతం చేసుకొనే హక్కు వారికి లేదు. బానిసలకు ఏ రాజకీయ హక్కులూ లేవు. బానిసత్వం నుండి విముక్తుడైన వ్యక్తి పౌరుడు కాక, మెటిక్ మాత్రమే అయ్యేవాడు.

స్పార్టా

స్పార్టాలో పూర్తి పౌరుడు సైనిక శిక్షణ పొందడమే కాక, సామూహిక భోజనశాలకు తన వంతు ధాన్యాదులు సమర్పించవలసి ఉండేది. ఇవ్వలేనివాడు పౌరసత్వం కోల్పోయేవాడు. భూములు కొద్దిమంది చేతులలో చేరడంతో పౌరుల సంఖ్య క్షీణించింది. క్రీ.పూ. 480 నాటికి సుమారు 8,000 మంది పౌరులున్నట్లు హెరోడోటస్ పేర్కొనగా, తన కాలానికి వారు వెయ్యి మందైనా లేరని అరిస్టాటిల్ వ్రాశాడు. క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా యుద్ధంలో పాల్గొన్న సుమారు 700 మంది స్పార్టా పౌరులలో 400 మంది మరణించారు. ఆ నష్టం నుండి స్పార్టా తిరిగి కోలుకోలేదు.

రోము

రోము కూడా నగర రాజ్యంగానే ప్రారంభమైంది. క్రీ.పూ. 338లో లాటిన్ నగరాలను ఓడించిన తరువాత, వాటిలో కొన్నిటికి పూర్తి పౌరసత్వాన్ని, మరికొన్ని ఇతర నగరాలకు వోటుహక్కు లేని పౌరసత్వాన్ని ఇచ్చింది. రోము పౌరుడు చట్టబద్ధంగా విడుదల చేసిన బానిస కూడా పౌరుడయ్యేవాడు. అతడు పదవులకు అనర్హుడైనా, తరువాత పుట్టిన అతని కుమారులకు ఆ ఆంక్ష లేదు. మాసిడోనియా రాజు ఐదవ ఫిలిప్ లారిస్సా నగరానికి పంపిన లేఖలో ఈ రోమను పద్ధతిని ఆదర్శంగా చూపించాడు.

అయినప్పటికీ రోము సైన్యంలో పోరాడిన ఇటలీ మిత్ర జాతులలో అధికభాగానికి చాలాకాలం పౌరసత్వం దక్కలేదు. దీనిని ప్రతిపాదించిన లివియస్ డ్రూసస్ క్రీ.పూ. 91లో హత్యకు గురికాగా, మిత్రులు తిరుగుబాటు చేశారు. రోము యుద్ధంలో పైచేయి సాధించినా, క్రీ.పూ. 90లో జూలియన్ చట్టంతో మొదలుపెట్టి ఇటలీ వాసులకు పౌరసత్వం ఇవ్వక తప్పలేదు. కాని వోటు వేయుటకు స్వయంగా రోముకు రావలసి ఉండడం వలన, దూరప్రాంతాలవారికి ఆ హక్కు నామమాత్రమే అయింది.

సామ్రాజ్య కాలం

చక్రవర్తుల పాలనలో ప్రజాసభలు ప్రాముఖ్యం కోల్పోయి, పౌరసత్వం ప్రధానంగా చట్టపరమైన రక్షణగా మారింది. విచారణ లేకుండా కొరడా దెబ్బలకు గురికాకుండుట, చక్రవర్తికి విన్నవించుకొనుట ఇందులో ముఖ్యమైనవి. బైబిలులోని అపొస్తలుల కార్యములలో పౌలు ఈ రెండు హక్కులనూ వినియోగించుకొంటాడు.

క్రీ.శ. 48లో క్లాడియస్ చక్రవర్తి గాల్ ప్రాంత ప్రముఖులను సెనేట్‌లో చేర్చుకోవాలని వాదించాడు. ఓడించినవారిని పరాయివారిగా దూరంగా ఉంచడమే స్పార్టా, ఎథెన్సుల పతనానికి కారణమని అతడు చెప్పినట్లు చరిత్రకారుడు టాసిటస్ వ్రాశాడు. ఆ ప్రసంగ భాగాలు చెక్కిన కంచు ఫలకం ఫ్రాన్సులోని లియోన్ నగరంలో 1528లో లభించింది.

క్రీ.శ. 212లో కారకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని దాదాపు స్వతంత్రులందరికీ పౌరసత్వం ప్రకటించాడు. పన్నుల ఆదాయం పెంచుకొనుటకే ఇలా చేశాడని సమకాలికుడైన కాసియస్ డియో అభిప్రాయపడ్డాడు. అప్పటికే న్యాయస్థానాలు ఉన్నత వర్గాలకు, సామాన్యులకు వేర్వేరు శిక్షలు విధించేవి. అందువలన అందరూ పౌరులైనా, చట్టం ముందు అందరూ సమానులు కాలేదు.