మామిడి టెంకను మొలకెత్తించుట

పెరటిలో తాతగారు నాటిన మామిడిచెట్టు ముసలిదైనప్పుడు, దాని సంతతిని నిలుపుకొనవలెనను కోరిక ఇంటివారికి కలుగుట సహజము. మంచి పండ్ల టెంకలను ఏరి, ఎండబెట్టి, డబ్బాలో దాచి, తీరిక చూచుకొని నాటుదురు. ఒక్కటియు మొలవదు. నేల మంచిది కాదని కొందరు, నీరు చాలలేదని కొందరు అందురు. నిజమునకు ఆ టెంకలు డబ్బాలో ఉండగనే చచ్చినవి.

వడ్లు, కందులు బాగుగా ఎండిననే నిలువ ఉండును. వానిలోని జీవము నిద్రించుచు అదను కొరకు వేచియుండును. మామిడి జీడికి అట్టి నిద్ర లేదు. అది తేమతో నిండి, పండు పక్వమగునప్పటికే మొలకెత్తుటకు సిద్ధముగా నుండును. ఆ తేమ తగ్గినచో ప్రాణము పోవును. అతిచలియు దానికి పడదు. రోహిణి కార్తెలో పండు రాలును. మృగశిరలో తొలకరి పడును. ఆ నడుమనున్న కొలది దినములే ప్రకృతి దానికిచ్చిన గడువు. కావున పండు తిన్న వారము దినములలో నాటుట మేలు. నెల దాటినకొలది ఆశ సన్నగిల్లును.

టెంకకు అంటిన గుజ్జును కడిగి, పైతడి ఆరునంతసేపు నీడన ఉంచవలెను. అంచును మెల్లగా విప్పి, జీడికి గాయము తగులకుండ వెలికి తీసి నాటినచో మొలక త్వరగా వచ్చును. పురుగు తొలిచినవానిని, కుళ్లినవానిని విడిచిపెట్టవలెను. ఇసుకయు, మాగిన పశువుల ఎరువును కలిపిన మట్టిలో సుమారు 2 అంగుళముల లోతున, వంపు పైకుండునట్లు పెట్టవలెను. తడి ఆరరాదు, నీరు నిలువరాదు. 2, 3 వారములలో రాగిరంగు లేతాకులతో మొలక తలయెత్తును.

అయితే మొలిచిన మొక్క తాతగారి చెట్టే అనుకొనరాదు. బంగినపల్లి, తోతాపురి, రసాలు మొదలగు మన రకముల టెంకలో పిండము ఒక్కటే ఉండును. అది సాధారణముగా వేరొక చెట్టు పుప్పొడి కలిసి ఏర్పడినదగుటచే, పండు తల్లిచెట్టు పండువలె ఉండునన్న నమ్మకము లేదు. కేరళలోని ఒలూరు, చంద్రకారన్ వంటి రకముల సంగతి వేరు. వాని ఒక్క టెంకనుండియే పలు మొలకలు వచ్చును. అందు పెక్కు తల్లి కణజాలమునుండి పుట్టినవగుటచే తల్లి గుణములనే పొందును.

కావున మన ఇండ్లలో టెంక మొక్కను వేరు కొరకు పెంచి, దానిపై పాతచెట్టు కొమ్మను అంటుకట్టించవలెను. అట్టి మొక్క 4, 5 ఏండ్లకు కాపునకు వచ్చును, రుచియు మారదు. చెట్టు కూలినపిమ్మట టెంకలకై వెదకుటకంటె, అది పచ్చగా నుండగనే కొమ్మలను తీసికొనుట మంచిది.