బిడ్డ చేతిలో ట్యాబు - బుర్రలో బరువు

మన గొలుగొండకు ఎగువన కొండల్లో ఉన్న చింతపల్లిలో 2023 డిసెంబరు 21న పెద్ద సభ జరిగింది. ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదవ తరగతి చదివే పిల్లలకు రెండవ విడత ట్యాబుల పంపిణీని అప్పటి ముఖ్యమంత్రి అక్కడే ప్రారంభించారు. అంతకు సరిగ్గా ఏడాది ముందు బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదటి విడత మొదలైంది. ఆ విడతలో 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు ట్యాబులు ఇస్తున్నట్టు ప్రకటించారు. ఇంటర్నెట్ అందని ఊళ్లలో సైతం చూసుకునేలా బైజూస్ సంస్థ పాఠాలను ముందే వాటిలో నింపారు.

మొదటి విడత పిల్లలు 2025లో పదవ తరగతి పరీక్షలు రాశారు. బైజూస్ సంస్థ 2024లో దివాలా విచారణకు వెళ్లింది. కంపెనీలు వస్తాయి, పోతాయి. కాని తెర మాత్రం మన ఇళ్లలో ఉండిపోయింది. ట్యాబు లేని ఇంట ఫోను ఉంది. "మావాడు గంటలకొద్దీ పాఠాలు చూస్తాడండీ, అడిగితే ఒక్క ముక్క చెప్పలేడు" అనే తల్లిదండ్రులు ఎందరో. లోపం బిడ్డలోనా, యంత్రంలోనా? ఈ నెల మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

సన్న మూతి సీసా

మన మనస్సును సన్న మూతి గల పెద్ద సీసాతో పోల్చవచ్చు. లోపల చోటుకు కొదువ లేదు. మూతి మాత్రం ఇరుకు. నూనె నెమ్మదిగా పోస్తే నిండుతుంది, గబగబా కుమ్మరిస్తే నేలపాలవుతుంది. మనిషి ఒక్కసారిగా ఏడు విషయాల వరకు మనసులో పట్టి ఉంచగలడని అమెరికా శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాశారు. నిజానికి అది నాలుగుకు మించదని 2001లో నెల్సన్ కోవన్ అనే మరొక శాస్త్రవేత్త వివరించారు. ఈ ఇరుకు మూతిని లెక్కలోకి తీసుకొని పాఠం ఎలా చెప్పాలో ఆస్ట్రేలియాకు చెందిన జాన్ స్వెల్లర్ 1988 నుండి బోధిస్తూ వచ్చారు. నేర్చుకునేటప్పుడు మనస్సు మీద పడే ఈ మోతనే 'జ్ఞాన భారం' అంటున్నారు.

ఎక్కాలనే తీసుకోండి. ఏడెనిమిదులు యాభై ఆరు అని నోటికి వచ్చిన పిల్లవాడు భాగహారం చేసేటప్పుడు దాని కోసం తడుముకోడు. అతని మనస్సంతా లెక్క మీదనే ఉంటుంది. ఎక్కం రాని పిల్లవాడు అడుగడుగునా ఆగి కూడుకుంటాడు, ఈలోగా లెక్క ఎక్కడిదాకా వచ్చిందో మరచిపోతాడు. అతడు మందబుద్ధి కాదు. మోయవలసినదానికంటే ఎక్కువ మోస్తున్నాడు, అంతే.

రెండు రకాల బరువు

బరువులో రెండు రకాలున్నాయి. ఒకటి పనికిరాని బరువు. బొమ్మ, మాట, తెరమీద అవే అక్షరాలు, వెనుక సంగీతం, మధ్యలో ఫోనుకు వచ్చే సందేశం - ఇవన్నీ ఒకేసారి మూతి దగ్గర తోసుకుంటాయి. బొమ్మకు తోడు చక్కని మాట ఉంటే మేలే, అనవసరపు అలంకారాలు తగిలిస్తే నేర్చుకోవడం తగ్గుతుందని రిచర్డ్ మేయర్ అనే పరిశోధకుడు ఎన్నో ప్రయోగాలలో చూపారు. 2022లో పలు దేశాల్లో జరిగిన పీసా పరీక్షలలో, గణితం తరగతిలో కనీసం కొన్నిసార్లయినా ఫోన్లు, ట్యాబులు తమ ధ్యాస మళ్లించాయని నూటికి 65 మంది విద్యార్థులు చెప్పారు. మన పిల్లలకు ఇంగ్లీషు మాటల బరువు అదనం. ఫొటోసింథసిస్ అన్న మాట వినగానే ఆ మాటనే మోయాలా, ఆకు ఎండను పట్టి ఆహారం తయారుచేసుకునే సంగతిని మోయాలా? ముందు సంగతి తెలుగులో తెలిస్తే, ఆ పైన ఇంగ్లీషు పేరు తేలికగా అతుక్కుంటుంది. ఒక పక్క ఇంగ్లీషు, ఎదుటి పక్క తెలుగు ఉన్న పాఠ్యపుస్తకం ఇందుకు ఎంతో ఉపయోగం.

రెండవది మేలుచేసే బరువు. తానే ఆలోచించడం, గుర్తు తెచ్చుకోవడం, తప్పు చేసి దిద్దుకోవడం. కండ బరువెత్తితేనే బలపడినట్లు, చదువు ఈ శ్రమతోనే నిలుస్తుంది. చదివినదాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవారికి వారం తరువాత ఎక్కువ జ్ఞాపకమున్నట్టు 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు చేసిన ప్రయోగంలో తేలింది. అడగగానే జవాబు రాసిచ్చే కృత్రిమ మేధ యంత్రాలు ఇప్పుడు ఫోనులోకే వచ్చాయి. జవాబును ఎక్కించుకుని ఊరుకుంటే అవి పిల్లవాని నుండి ఈ మేలైన బరువునే తీసివేస్తాయి. నోటుపుస్తకం నిండుతుంది, బుర్ర ఖాళీగా ఉంటుంది.

ఇంట్లో ఏం చేయగలం?

చదువు రాని తల్లిదండ్రులు "మాకేం తెలుసు" అని వెనకాడవద్దు. ఇందులో మీరు చేయగలిగిన పని చాలా ఉంది.

పాఠం అయిదారు నిమిషాలు చూడగానే ఆపించండి. ఆపే వీలు ట్యాబులో ఉన్న గొప్ప మేలు. తరగతిలో మాస్టారిని పిల్లవాడు అలా ఆపలేడు కదా.

తెర మూయించి, "ఏం విన్నావో నాకు తెలుగులో చెప్పు నాయనా" అనండి. మీకు విషయం తెలియకపోయినా ఫరవాలేదు. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు వాడికి అర్థం కావాలి. తడబడినచోట మళ్లీ చూడమనండి.

కొత్త రకం లెక్క అయితే, ముందు చేసి ఉన్న లెక్కను వరుసగా చూసి, తరువాత తెర చూడకుండా కాగితం మీద తానే చేయమనండి. చదువుకునే వేళ ఇంట్లోవారి ఫోన్లు కూడా మరో గదిలో ఉండాలి. మరుసటి రోజు, వారం తరువాత మళ్లీ అడగండి.

ఇది మనకు కొత్తేమీ కాదు. సండేస్కూలులో కంఠత వాక్యం నేర్పే పద్ధతి ఇదే. చిన్న ముక్క చెప్పడం, పుస్తకం మూయడం, అప్పజెప్పించుకోవడం, వచ్చే ఆదివారం మళ్లీ అడగడం. అలా నేర్చుకున్నవి అక్షరం రాని అవ్వలకు సైతం ముసలితనంలో నోటికి వస్తున్నాయి.

ట్యాబు శత్రువు కాదు, గురువూ కాదు. కొండ మీది ఊరిలోని బిడ్డకు గుండె కొట్టుకోవడం కదిలే బొమ్మలో చూపగల మంచి పనిముట్టు అది. అది చూపించిన తరువాత, "నాకు చెప్పు" అని అడిగే మనిషి ఇంట్లో ఒకరుండాలి. ఈ రాత్రి భోజనాల వేళ ఆ మాట మీరే అడగండి.