పడవ ఆకాశాన్ని ఢీకొన్న చోట

1994లో ఒక్క ఏడాదిలోనే మూడు సినిమాలతో జిమ్ క్యారీ జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాడు. ‘ఏస్ వెంచురా’, ‘ది మాస్క్’, ‘డంబ్ అండ్ డంబర్’ మూడూ అమెరికా వసూళ్ల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కాయి. 1996లో ‘ది కేబుల్ గై’కి ఆయన తీసుకున్న పారితోషికం 2 కోట్ల డాలర్లు. హాస్యనటుడికి అంత సొమ్ము ముట్టడం అప్పటికి అదే మొదటిసారి. అలాంటివాడు 1 కోటీ 20 లక్షల డాలర్లకే ఒప్పుకుని చేసిన సినిమా ‘ది ట్రూమన్ షో’. ఆయన చేసినవాటిలో నేను అన్నిటికన్నా పైన పెట్టుకునేది దాన్నే.

కథ వింటే చందమామ కథలా ఉంటుంది. పుట్టకముందే ఒక టీవీ సంస్థ దత్తత తీసుకున్న పిల్లవాడు ట్రూమన్. అతని ఊరు, సముద్రం, సూర్యోదయం అన్నీ ఒక పెద్ద గోపురం కింద వేసిన సెట్టు. భార్య, తల్లి, ప్రాణస్నేహితుడు జీతానికి నటించేవాళ్లు. 5,000 కెమెరాలు అతన్ని రాత్రీ పగలూ లోకానికి చూపిస్తుంటాయి. ఈ సంగతి తెలియనిది అతనొక్కడికే. సినిమా మొదట్లో తెర మీద కనిపించే అంకె 10,909వ రోజు. లెక్క వేసి చూడండి, 30 ఏళ్లకు రెండు నెలలు కూడా తక్కువ కాదు.

సెట్టులా కనిపించే ఆ ఊరు మాత్రం నిజమైనదే. ఫ్లోరిడా తీరంలో సీసైడ్ అని ఉంది, షూటింగ్ ఎక్కువగా అక్కడే జరిగింది. దర్శకుడు పీటర్ వియర్‌కు ఈ పాత్రకు క్యారీయే కావాలి. చేతిలో ఉన్న సినిమాలు పూర్తయ్యేదాకా ఏడాది పాటు ఆయన కోసం ఆగాడు. ఆ ఓపిక ఎందుకో చివరి ఘట్టం చూస్తే అర్థమవుతుంది. చిన్నప్పటి నుంచీ నీళ్లంటే వణికిపోయే ట్రూమన్ తుఫానుకు ఎదురెళ్లి బతికి బయటపడతాడు. ఎండ కాసిన నిశ్చలమైన నీటి మీద పడవ సాగుతుండగా దాని ముక్కు ఠక్కున ఆకాశానికి గుచ్చుకుంటుంది. ఆకాశం అంటే రంగు వేసిన గోడ! ట్రూమన్ ముందు దాన్ని చేత్తో తడుముతాడు. తర్వాత పిడికిళ్లతో గుద్దుతాడు, భుజంతో నెట్టి కూలబడతాడు. ‘ది మాస్క్’లో రబ్బరులా సాగిన ఆ ఒళ్లే ఇక్కడ దుఃఖాన్ని మోస్తుంది. ఇక చిట్టచివర, రోజూ పొద్దున్నే పక్కింటివాళ్లకు చెప్పే సరదా పలకరింపునే వీడ్కోలుగా చెప్పి, నడుం వంచి నమస్కరించి తలుపు దాటతాడు. నవ్వించడం తెలిసినవాడు కాకపోతే ఆ వంగడం అంత గుచ్చుకునేది కాదు.

ఈ సినిమా వెంట నడిచిన వింతలు ఇంకొన్ని. 1998 జూన్‌లో ఇది విడుదలైంది. మనుషుల్ని ఇంట్లో పెట్టి కెమెరాలతో చూపించే ‘బిగ్ బ్రదర్’ నెదర్లాండ్స్‌లో మొదలైంది 1999 సెప్టెంబరులో. మన తెలుగు ‘బిగ్ బాస్’ 2017లో వచ్చింది. మరో విశేషం వైద్యులది. తమ జీవితమంతా రహస్యంగా ప్రసారమవుతోందని గట్టిగా నమ్మే రోగులను గమనించి, మనోవైద్యుడు జోయెల్ గోల్డ్, ఆయన సోదరుడు ఇయాన్ గోల్డ్ ఆ స్థితికి ‘ట్రూమన్ షో భ్రాంతి’ అని పేరు పెట్టారు. ఒక హాస్యనటుడి పాత్ర పేరు మనోవైద్యుల నోట పడటం ఎంత అరుదో కదా!

గోల్డెన్ గ్లోబ్ వాళ్లు క్యారీకి ఉత్తమ నటుడి బహుమతి ఇచ్చారు, అదీ డ్రామా విభాగంలో. ఆస్కార్‌కు దర్శకుడు, సహనటుడు ఎడ్ హారిస్, రచయిత ఆండ్రూ నికోల్ నామినేట్ అయ్యారు. క్యారీ పేరు లేదు. మరుసటి ఏడాది ‘మ్యాన్ ఆన్ ది మూన్’కూ అంతే, గ్లోబ్ దక్కింది, ఆస్కార్ నామినేషన్ దక్కలేదు. ఇది అన్యాయమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

క్యారీకి చోటు దొరకని ఆ 1999 ఆస్కార్ వేదిక మీదే ఉత్తమ నటుడి బహుమతి అందుకున్నది ఇంకో హాస్యనటుడు, ఇటలీకి చెందిన రాబర్టో బెనిన్యీ. ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’లో నాజీల నిర్బంధ శిబిరంలో చిక్కుకున్న తండ్రి, ఇదంతా ఆటేననీ వెయ్యి మార్కులు వస్తే నిజం ట్యాంకు బహుమతి అనీ కొడుకును నమ్మిస్తాడు. ఇంగ్లీషు కాని భాషలో నటించి ఆ బహుమతి గెలిచిన మొదటి పురుషుడు బెనిన్యీ. తన దర్శకత్వంలో తానే నటించి గెలిచినవాళ్లలో లారెన్స్ ఒలీవియర్ తర్వాత రెండోవాడు.

హాస్యనటుడు గంభీరమైన పాత్ర వేసిన మరో సినిమా 2002 నాటి ‘పంచ్ డ్రంక్ లవ్’. అందులో ఆడమ్ శాండ్లర్ పుడ్డింగ్ డబ్బాలు కుప్పలుగా కొంటాడు, విమాన ప్రయాణపు మైళ్ల కోసం. కల్పనలా ఉన్నా దాని మూలం నిజం. 1999లో కాలిఫోర్నియా ఇంజినీరు ఒకాయన 12,000కు పైగా పుడ్డింగ్ కప్పులు కొని, 12 లక్షలకు పైగా మైళ్లు కూడబెట్టాడు. ఈ సినిమాకు కాన్ ఉత్సవంలో పాల్ థామస్ ఆండర్సన్ ఉత్తమ దర్శకుడి పురస్కారం పంచుకున్నాడు.

నవ్వించే ముఖంతోనే ఏడిపించగల ఇలాంటి నటులు మనకూ ఉన్నారు. చనిపోయిన మనిషి ఆత్మ తన అంతిమయాత్రను తానే చూసుకునే ‘ఆ నలుగురు’ 2004లో వచ్చింది. కామెడీ హీరోగా ఇంటింటికీ తెలిసిన రాజేంద్రప్రసాద్‌కు అది ఉత్తమ నటుడిగా నంది తెచ్చింది. 1991లో ‘ఎర్ర మందారం’కూ ఆయన నంది అందుకున్నాడు. అత్యధిక చిత్రాల్లో నటించిన సజీవ నటుడిగా గిన్నిస్‌కెక్కిన బ్రహ్మానందం 2023లో కృష్ణవంశీ ‘రంగమార్తాండ’లో రంగస్థల నటుడి వేషం కట్టాడు. ఆయన తెర మీదికి రాగానే నవ్వడం అలవాటైన మనం, అందులోని ఆస్పత్రి సన్నివేశంలో కళ్లు తుడుచుకున్నాం.