ఒకటో దెబ్బ మీద లోకాన్ని ఆడించినవాడు

1968 ఏప్రిల్ 5. అంతకుముందు రోజు సాయంత్రమే మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. అమెరికా నగరాలు ఒకదాని తర్వాత ఒకటి తగలబడుతున్నాయి. బోస్టన్ గార్డెన్‌లో ఆ రాత్రి గాయకుడు జేమ్స్ బ్రౌన్ కచేరీ జరగాల్సి ఉంది. జరపాలా, ఆపాలా అని నగర పెద్దలు తర్జనభర్జన పడ్డారు. చివరికి జరపడానికే మేయర్ కెవిన్ వైట్ ఒప్పుకున్నాడు. జనం ఇళ్లలోనే ఉండి చూసేలా టీవీలో ప్రత్యక్ష ప్రసారం కూడా ఏర్పాటు చేశారు. కచేరీ మధ్యలో కొందరు కుర్రాళ్లు వేదిక మీదికి ఎగబాకారు. పోలీసులు వాళ్లను నెట్టేస్తుంటే బ్రౌన్ అడ్డుపడ్డాడు. పోలీసులను పక్కకు తప్పుకోమని, కుర్రాళ్లకు తానే నచ్చజెప్పి దింపి, మళ్లీ పాట అందుకున్నాడు. చాలా నగరాలు మండిన ఆ రాత్రి బోస్టన్ ప్రశాంతంగా గడిచింది.

ఓ పాటగాడి మాటకు అంత బలం ఎలా వచ్చింది? ఆయన సంగీతం వింటే తెలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో ప్రపంచం పాట వినే తీరును, పాటకు అడుగేసే తీరును ఆయన మార్చేశాడు. ఫంక్ అనే సంగీతానికి పునాది వేసినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు ఆయనదే. అయితే ఆ పునాది ఒక్కడి చేతులతో లేచింది కాదు. బ్రౌన్ గొప్పతనం తెలియాలంటే ఆయన వెనక నిలబడి వాయించినవాళ్లను కూడా వినాలి.

అగస్టా నుంచి అపోలోకు

బ్రౌన్ 1933 మే 3న సౌత్ కరోలినాలోని బార్న్‌వెల్ దగ్గర పుట్టాడు. కటిక పేదరికం. జార్జియాలోని అగస్టాలో, బంధువురాలు నడిపే వేశ్యాగృహంలో పెరిగాడు. బూట్లు తుడిచాడు, సైనికుల ముందు చిల్లర కోసం చిందులేశాడు. పదహారేళ్లకే దొంగతనం కేసులో జైలుపాలయ్యాడు. టొకోవా పట్టణానికి చెందిన గాయకుడు బాబీ బర్డ్ కుటుంబం అండగా నిలవడంతో 1952లో బయటికొచ్చాడు. బ్రౌన్ చేరిన బర్డ్ బృందమే తర్వాత ‘ఫేమస్ ఫ్లేమ్స్’ అయింది. 1956లో ‘ప్లీజ్, ప్లీజ్, ప్లీజ్’తో తొలి విజయం దక్కింది.

న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఉన్న అపోలో థియేటర్ నల్లజాతి కళాకారులకు పరీక్షా వేదిక లాంటిది. అక్కడి తన కచేరీని రికార్డు చేయమని బ్రౌన్ అడిగితే, కింగ్ రికార్డ్స్ యజమాని సిడ్ నేథన్ ఒప్పుకోలేదు. అందరికీ తెలిసిన పాటలనే మళ్లీ ఆల్బమ్‌గా ఎవరు కొంటారన్నది ఆయన వాదన. బ్రౌన్ సొంత డబ్బు పెట్టి 1962 అక్టోబర్ 24న రికార్డు చేయించాడు. మరుసటి ఏడాది విడుదలైన ‘లైవ్ ఎట్ ది అపోలో’ ఆల్బమ్ చార్టులో రెండో స్థానానికి చేరి, ఏడాదికి పైగా అందులో నిలిచింది. ఆ రికార్డులో జనం కేకలు కూడా సంగీతంలో భాగంగానే వినిపిస్తాయి.

తాళం తిరగబడింది

బ్రౌన్ అసలు విప్లవం 1965లో మొదలైంది. ఆ ఏడాది వచ్చిన ‘పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్’ పాటకు ఆయనకు తొలి గ్రామీ వచ్చింది. తన బలం లయలోనే ఉందని అప్పుడే కనిపెట్టానని, గిటార్ సైతం తన చెవికి డ్రమ్ములాగే వినిపించసాగిందని ఆయన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

అప్పటి రిథమ్ అండ్ బ్లూస్ పాటల్లో నాలుగు దెబ్బల చక్రం తిరుగుతుంటే, ఊపంతా రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద ఉండేది. జనం చప్పట్లు కొట్టేదీ అక్కడే. బ్రౌన్ ఆ బరువును ఒకటో దెబ్బ మీదికి తెచ్చాడు. బ్యాండులో ఎంతమంది ఉన్నా చక్రం మొదలయ్యే చోట అందరూ ఒక్కటై పడాలి. తర్వాత ఎవరి దారిన వాళ్లు విడిపోయి, వాయిద్యాల మధ్య ఖాళీలు వదిలి, మళ్లీ సమయానికి అదే చోటికి రావాలి. తాళం వేస్తూ పాట వినే అలవాటున్నవాళ్లు ఈ రుచిని ఇట్టే పట్టేస్తారు. ఆయన బ్యాండులో దాని పేరు ‘ది వన్’.

1967లో వచ్చిన ‘కోల్డ్ స్వెట్’తో ఈ పద్ధతి పూర్తిగా రూపుదిద్దుకుంది. బ్రౌన్‌కు స్వరలిపి రాయడం రాదు. మనసులో ఉన్న లయను గొంతుతో శబ్దాలు చేసి చూపించేవాడు. శాక్సోఫోన్ వాయించే పీ వీ ఎల్లిస్ వాటిని పట్టుకుని బ్యాండుకు రాసిచ్చేవాడు. ఎల్లిస్ జాజ్ మనిషి. ఈ పాటలోని బాకాల వరసకు మైల్స్ డేవిస్ ‘సో వాట్’ స్ఫూర్తి అని ఆయనే చెప్పాడు. అంతకుముందు పాట నడవాలంటే కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, మారుతూ పోవాలి. ‘కోల్డ్ స్వెట్’లో ఆ మార్పులు దాదాపు లేవు. ఒకేచోట నిలబడి లయను లోతుకు తవ్వుకుంటూ పోతుంది. బాస్ ఒక మాట అంటుంది, గిటార్ మీద జిమ్మీ నోలెన్ గీరినట్టు ఓ చిన్న జవాబిస్తాడు, బాకాలు కొడవలి వేటులా పడి తప్పుకుంటాయి. కోలాటంలో ఎవరి కర్ర వాళ్లదే అయినా చప్పుడు ఒక్కటై వినిపించినట్టు, ఇక్కడ బ్యాండంతా కలిసి ఒకే డ్రమ్ము అయిపోతుంది.

1968 ఆగస్టులో ‘సే ఇట్ లౌడ్, ఐయామ్ బ్లాక్ అండ్ ఐయామ్ ప్రౌడ్’ వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో పిల్లల్ని పోగేసి వాళ్ల గొంతులతో పల్లవి పాడించాడు. నల్లగా ఉండటాన్ని చిన్నతనంగా చూసిన సమాజంలో పిల్లలే గర్వంగా గొంతెత్తిన పాట అది. దానివల్ల తెల్లజాతి శ్రోతలు కొంత దూరమయ్యారని బ్రౌన్ తర్వాత అన్నాడు. అయినా పాడాల్సిన సమయంలో పాడాడు.

క్రమశిక్షణ, తిరుగుబాటు

వేదిక మీద బ్రౌన్ చేతి సైగే శాసనం. స్వరం తప్పితే జరిమానా, బూట్లు మెరవకపోతే జరిమానా. పాట మధ్యలో ఎక్కడ ఆపినా, ఎక్కడ మలుపు తిప్పినా బ్యాండు క్షణంలో అందుకోవాలి. అలాంటి సాధనలోంచే శాక్సోఫోన్ కళాకారుడు మేసియో పార్కర్, ట్రాంబోన్ వాద్యకారుడు ఫ్రెడ్ వెస్లీ, డ్రమ్మర్లు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్, జాబో స్టార్క్స్ వంటి దిగ్గజాలు తేలారు. ఆ కట్టుబాట్లే చివరికి వాళ్లను విసిగించాయి కూడా.

1970 మార్చిలో జీతాల విషయమై బ్యాండు ఎదురుతిరిగింది. బ్రౌన్ లొంగలేదు. సిన్సినాటి నుంచి ‘పేస్‌మేకర్స్’ అనే కుర్రాళ్ల బృందాన్ని విమానంలో రప్పించాడు. అందులో బాస్ వాయించే బూట్సీ కాలిన్స్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లు. అన్న క్యాట్‌ఫిష్ గిటార్ అందుకున్నాడు. కొద్ది వారాలకే వాళ్లతో రికార్డు చేసిన ‘సెక్స్ మెషీన్’ ప్రపంచమంతా మోగింది. ఎన్ని విన్యాసాలు చేసినా ఒకటో దెబ్బ మీదికి రావాలన్న పాఠం బ్రౌన్ దగ్గరే నేర్చుకున్నానని బూట్సీ ఎన్నోసార్లు చెప్పాడు. ఏడాది తిరక్కుండానే బూట్సీ వెళ్లిపోయి, తర్వాత జార్జ్ క్లింటన్ బృందం ‘పార్లమెంట్-ఫంకడెలిక్’లో చేరాడు. మేసియో, ఫ్రెడ్ కూడా అక్కడికే చేరుకున్నారు. క్లింటన్ కట్టిన రంగుల ఫంక్ లోకంలో బ్రౌన్ బడిలో చదివినవాళ్ల చేతులు ఎన్నో ఉన్నాయి.

ఆ కాసేపటి డ్రమ్ములు

1969 నవంబర్‌లో సిన్సినాటిలో రికార్డయిన ‘ఫంకీ డ్రమ్మర్’ విడుదలైనప్పుడు పెద్ద హిట్టేమీ కాదు. అందులో ఓ చోట బ్రౌన్ అందర్నీ ఆపి, డ్రమ్మర్‌ను ఒంటరిగా వాయించమంటాడు. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అక్కడ గారడీలేమీ చేయలేదు. అప్పటిదాకా వాయిస్తున్నదే కొనసాగించాడు. గట్టి దెబ్బల మధ్య ఎడమ చేత్తో వినీ వినిపించనట్టు చిన్న చిన్న దెబ్బలు వేశాడు. ఆ లయకు ప్రాణం వాటిలోనే ఉంది. ఎనిమిది చక్రాలు, సుమారు ఇరవై సెకన్లు.

1970లలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ వంటివాళ్లు పాటలో డ్రమ్ములు మాత్రమే మోగే చోటును రెండు రికార్డులతో పదేపదే తిప్పి వినిపించేవారు. బ్రౌన్ రికార్డులు వాళ్లకు ప్రాణం. కుర్రాళ్లు నేల మీద గిరగిరా తిరుగుతూ చేసిన బ్రేక్‌డ్యాన్స్, దాంతోపాటు హిప్‌హాప్ అక్కడే పుట్టాయి. 1980లలో శాంప్లర్ యంత్రాలు వచ్చాక పాత రికార్డులోంచి ముక్క కత్తిరించి కొత్త పాట కట్టడం తేలికైంది. ‘ఫంకీ డ్రమ్మర్’లోని ఆ ముక్క పబ్లిక్ ఎనిమీ ‘ఫైట్ ది పవర్’లో, ఎల్‌ఎల్ కూల్ జే పాటల్లో, జార్జ్ మైకేల్ ‘ఫ్రీడమ్ 90’లో, ఐర్లాండ్ గాయని షినేడ్ ఓకానర్ పాటలో కూడా మోగింది. వెయ్యికి పైగా పాటల్లో వాడుకున్నారు. లిన్ కాలిన్స్ పాడగా బ్రౌన్ నిర్మించిన ‘థింక్’ పాట ముక్కలూ అలాగే వందల పాటల్లోకి వెళ్లాయి.

‘ఫంకీ డ్రమ్మర్’ రచయితగా నమోదైంది బ్రౌన్ పేరొక్కటే. క్లైడ్ కూలికి వాయించిన కళాకారుడు కాబట్టి, ఆ వాడకంలో ఆయనకు చట్టప్రకారం వాటా లేదు. టెనెసీలోని చట్టనూగాలో ఫ్యాక్టరీల చప్పుళ్లు, రైళ్ల మోతలు వింటూ సొంతంగా డ్రమ్ములు నేర్చుకున్న మనిషి ఆయన. చివరి దశకాలు విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో గడిపాడు. క్యాన్సర్ వస్తే కెమోథెరపీకి సుమారు 90 వేల డాలర్లు చెల్లించింది గాయకుడు ప్రిన్స్ అని, ప్రిన్స్ పోయాకే లోకానికి తెలిసింది. క్లైడ్ 2017లో కన్నుమూశాడు. శతాబ్దపు అతి ప్రసిద్ధ డ్రమ్ము వరస వాయించినవాడికి అందులో వాటా దక్కకపోవడం అన్యాయమే. బ్రౌన్‌ను ప్రేమించేవాళ్లు ఈ మాట దాచకూడదు.

వారసులు ఎందరో

1968లో మోటౌన్ రికార్డు సంస్థ ముందు ఓ తొమ్మిదేళ్ల కుర్రాడు తన అన్నలతో కలిసి పరీక్షకు నిలబడ్డాడు. పాడింది బ్రౌన్ పాట, వేసిందీ బ్రౌన్ అడుగులే. ఆ కుర్రాడు మైకేల్ జాక్సన్. తన మీద అందరికంటే ఎక్కువ ప్రభావం బ్రౌన్‌దేనని చివరిదాకా చెప్పాడు. మైకేల్ తరహా నృత్యాలు, బ్రేక్‌డ్యాన్స్ 1980లలో తెలుగు తెరను కూడా ఊపేశాయి. 1987లో ‘పసివాడి ప్రాణం’లో చిరంజీవి వేసిన బ్రేక్‌డ్యాన్స్ చూసి ఊరూరా కుర్రాళ్లు సాధన చేశారు. బ్రౌన్ పేరు విననివాళ్ల కాళ్లకు సైతం ఆయన లయ అలా చేరింది.

నైజీరియాలో గాయకుడు ఫెలా కుటి, డ్రమ్మర్ టోనీ అలెన్ ఆఫ్రోబీట్ అనే సంగీతాన్ని తీర్చిదిద్దుతున్న రోజుల్లోనే, 1970లో, బ్రౌన్ బృందం అక్కడ పర్యటించింది. రెండు పక్షాలూ ఒకరినొకరు శ్రద్ధగా విన్నాయి. జాజ్ శిఖరం మైల్స్ డేవిస్ 1972లో ‘ఆన్ ది కార్నర్’ చేసేటప్పుడు బ్రౌన్ లయ ఆయన చెవుల్లో ఉంది. బ్యాండును వేలి సైగలతో నడిపిన ప్రిన్స్ నుంచి 2014లో ‘అప్‌టౌన్ ఫంక్’ పాడిన బ్రూనో మార్స్ దాకా అందరూ ఆ ఒకటో దెబ్బకు బాకీ ఉన్నవాళ్లే.

మరకలు, మహిమ

బ్రౌన్ జీవితంలో మరకలున్నాయి. భార్యలను కొట్టాడన్న ఆరోపణలు పలుమార్లు వచ్చాయి, ఆ కేసుల్లో అరెస్టయ్యాడు. మత్తుమందుల రోజుల్లో పోలీసులను తప్పించుకుని కారు నడిపిన ఉదంతం తర్వాత 1988 చివర్లో జైలుకెళ్లి, 1991లో విడుదలయ్యాడు. సంగీతం గొప్పదని ఆ తప్పులు చిన్నవైపోవు. తప్పులున్నాయని ఆ సంగీతం ఇచ్చిన ధైర్యమూ అబద్ధమైపోదు. 2006 డిసెంబర్ 25న అట్లాంటాలో ఆయన మరణించాక, పార్థివదేహాన్ని అపోలో వేదిక మీదే ఉంచితే వేలమంది బారులు తీరి వీడ్కోలు పలికారు.

ఈ ఆదివారం తీరిక చేసుకుని ఆయన పాటలు వినండి. ముందు ‘లైవ్ ఎట్ ది అపోలో’, తర్వాత ‘కోల్డ్ స్వెట్’, ఆపైన 1986లో వచ్చిన ‘ఇన్ ది జంగిల్ గ్రూవ్’ సంకలనం. మొదటిసారి గొంతును, రెండోసారి బాస్‌ను, మూడోసారి డ్రమ్ములను పట్టుకుని వింటే ఒకే పాటలో ఎందరి కష్టం ఉందో అర్థమవుతుంది. ఆ అలవాటు మన పాటలకూ మంచిదే. మనసుకు నచ్చిన పాటలో వేణువు ఎవరిదో, తబలా ఎవరిదో కనుక్కుని ఆ పేర్లు పిల్లలకు కూడా చెప్పండి. వాయించినవాళ్లకు శ్రోతలు ఇవ్వగలిగిన కనీస గౌరవం అది.