టర్బోచార్జర్ మార్చిన తరువాత కూడా ఆయిల్ తగ్గడం: కారణ నిర్ధారణ

పరిచయం

ఒక డీజిల్ కారు నీలం పొగ వదులుతోంది, ఆయిల్ తగ్గుతోంది. మెకానిక్ టర్బో మార్చాడు. అయినా పొగ ఆగలేదు. కొత్త టర్బోలోనే లోపం ఉందని మరొకటి బిగిస్తే? రోగం ఒకటైతే మందు మరొకటి అయినట్లే. యజమానికి డబ్బు పోతుంది, అసలు లోపం ఇంజన్‌లోనే మిగులుతుంది. ఈ భాగం చదివిన తరువాత ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో మీరు క్రమపద్ధతిలో గుర్తించగలుగుతారు.

టర్బోలో ఆయిల్ మార్గం

టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా భ్రమణాలు చేయగలదు. దాని బేరింగులకు ఆయిల్ పంపు ఒత్తిడితో ఆయిల్ అందుతుంది. కానీ ఆ ఆయిల్ సంపుకు తిరిగి చేరేది గురుత్వాకర్షణ వల్ల మాత్రమే. షాఫ్ట్ రెండు చివరల ఉండే సీళ్లు రబ్బరువి కావు. పిస్టన్ రింగుల వంటి లోహపు రింగులు. బయటి గాలి, వాయువుల ఒత్తిడి లోపలి ఒత్తిడికంటే ఎక్కువగా ఉన్నంతవరకే అవి ఆయిల్‌ను బాగా ఆపుతాయి. కాబట్టి తిరుగు గొట్టం మూసుకున్నా, క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగినా, కొత్త టర్బో కూడా ఆయిల్ వదులుతుంది. ఈ సూత్రాన్ని బాగా గుర్తుంచుకోండి.

పరీక్షల క్రమం

1. ముందు కొలవండి. కారును సమతలంపై నిలిపి, డిప్‌స్టిక్ పై గీత వరకు ఆయిల్ నింపండి. 800 కి.మీ. నడిచాక మళ్లీ ఆ గీతకు చేర్చడానికి 400 మి.లీ. పట్టిందనుకోండి. అంటే 1,000 కి.మీ.కు అర లీటరు ఖర్చవుతోంది. పొగ వస్తున్నా మట్టం తగ్గకపోతే, పాత టర్బో వదిలిన ఆయిల్ ఇంటర్‌కూలర్‌లోనో సైలెన్సర్‌లోనో మిగిలి కాలుతోందని అనుమానించాలి. పై గీత దాటి ఆయిల్ పోయడం కూడా ఒక కారణమే.

2. తిరుగు గొట్టం చూడండి. గొట్టం వంగిందా? లోపల గట్టిపడిన మడ్డి ఉందా? గ్యాస్కెట్ దగ్గర ఎక్కువగా పూసిన సీలెంట్ రంధ్రాన్ని మూసిందా?

3. బ్రీతర్, ఎయిర్ ఫిల్టర్ పరిశీలించండి. బ్రీతర్ మూసుకుంటే క్రాంక్‌కేస్ ఒత్తిడి పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుంటే కంప్రెసర్ ముందు శూన్యత పెరిగి సీల్ నుంచి ఆయిల్‌ను లాగుతుంది.

4. తడి ఎక్కడ మొదలైందో చూడండి. చాలా ఇంజన్లలో బ్రీతర్ గొట్టం కంప్రెసర్‌కు ముందే కలుస్తుంది. ఆ చోటు నుంచే గొట్టం బాగా తడిగా ఉంటే ఆయిల్ బ్రీతర్ నుంచి వస్తోంది. ఎగ్జాస్ట్ వైపు, టర్బైన్‌కు ముందున్న మానిఫోల్డ్‌లోనే ఆయిల్ ఉంటే లోపం ఇంజన్‌ది. మానిఫోల్డ్ పొడిగా ఉండి, టర్బైన్ తరువాతి భాగం తడిగా ఉంటే ఆయిల్ టర్బో నుంచి వస్తోంది. అప్పుడు కూడా 2, 3 పరీక్షలు పూర్తిచేశాకే టర్బోను తప్పుపట్టాలి.

5. చివరగా ఇంజన్‌ను పరీక్షించండి. కంప్రెషన్, సిలిండర్ లీకేజ్ పరీక్షలు పిస్టన్ రింగులు, సిలిండర్ల అరుగుదలను తెలుపుతాయి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేయగానే కొద్దిసేపు నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లను అనుమానించండి. అరిగిన సీళ్లు కంప్రెషన్ పరీక్షలో బయటపడవు.

జాగ్రత్త

ఇంటర్‌కూలర్‌లో చేరిన ఆయిల్‌ను డీజిల్ ఇంజన్ ఇంధనంగా పీల్చుకుంటే వేగం అదుపు తప్పుతుంది. తాళం తీసినా ఇంజన్ ఆగకపోవచ్చు. అందువల్ల టర్బో మార్చినప్పుడు ఇంటర్‌కూలర్‌ను, గొట్టాలను తప్పక శుభ్రం చేయాలి. ఎగ్జాస్ట్‌లో కణ వడపోత ఉన్న కార్లలో, కాలిన ఆయిల్ బూడిద ఆ వడపోతలో పేరుకుంటుంది. మామూలు మసిలా అది కాలిపోదు. కాబట్టి ఆలస్యం చేయరాదు.

సారాంశం

ఖర్చు లేని పరీక్షలు ముందు, ఇంజన్ విప్పడం చివర. టర్బో పాడైన కారణాన్ని తొలగించకుండా టర్బోను మాత్రమే మారిస్తే, కొత్తదీ అదే దారి పడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కొత్త టర్బో కూడా ఆయిల్ వదలడానికి రెండు కారణాలు తెలపండి.
2. 600 కి.మీ.కు 240 మి.లీ. ఆయిల్ తగ్గితే 1,000 కి.మీ.కు ఎంత?

జవాబులు: 1. తిరుగు గొట్టం మూసుకోవడం; క్రాంక్‌కేస్ ఒత్తిడి పెరగడం. 2. 400 మి.లీ.